చుక్కల దగ్గర పంచాయితీ

చుక్కల చరిత్ర: తొమ్మిదో భాగం

పోయిన భాగంలో ఈజిప్టు సమాధుల పైకప్పుల మీద గీసిన చుక్కల పటాలు చూశాం. రాజులు, పూజారులు, లేఖకులు ఉన్నచోట ఆకాశం గోడలకెక్కుతుంది. చరిత్ర రాసేవాడికి అక్కడ పని సులువు. ఈసారి ఇంకా దక్షిణానికి, ఇథియోపియా కింది కొసకూ కెన్యా ఉత్తరపు అంచుకూ పోతున్నాం. అక్కడ పైకప్పు మీద బొమ్మలు వేయించుకున్న రాజులు లేరు. పశువుల మందలు, జొన్న చేలు, నిచ్చెనలా మనుషులు ఒకరి పైన ఒకరు నిలబడి నీళ్ళు అందించుకునే లోతైన బావులు ఉన్నాయి. నెలల లెక్క కూడా ఉంది. ఆ లెక్క ఎలా నడుస్తుందో పట్టుకోవడానికి బయటి పండితులు 1970ల నుంచి తంటాలు పడుతూనే ఉన్నారు.

ముందు దారికి అడ్డంగా ఉన్న ఒక కథను పక్కకు జరపాలి. ఆఫ్రికా, ఆకాశం అన్న రెండు మాటలు కలిపి అంటే చాలు, ఎవరో ఒకరు డోగోన్ల పేరు ఎత్తుతారు. వీళ్ళు మాలీ దేశంలో బందియాగరా కొండచరియల్లో ఉండే జనం. రాత్రి ఆకాశంలో అన్నిటికంటే మెరిసే చుక్క లుబ్ధకుడు. దానికొక జంట చుక్క ఉంది, కంటికి కనిపించదు. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త టెలిస్కోపును పరీక్షిస్తూ దాన్ని మొదటిసారి చూశాడు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్తలు మార్సెల్ గ్రియోల్, జెర్మేన్ డీటెర్లెన్ 1950లో ఒక వ్యాసం అచ్చువేసి, డోగోన్ పెద్దలకు ఈ జంట చుక్క సంగతి తెలుసు, అది చిన్నదనీ బరువైనదనీ వాళ్ళు చెబుతున్నారు అన్నారు. 1976లో రాబర్ట్ టెంపుల్ అనే రచయిత దాన్ని ఎత్తుకుని, లుబ్ధకుడి దగ్గర నుంచి ఎవరో వచ్చి చెప్పిపోయారని పుస్తకమే రాశాడు. ఇక ఆ కథకు పట్టపగ్గాలు లేవు.

1991లో వాల్టర్ వాన్ బేక్ అనే డచ్చి పరిశోధకుడు, అప్పటికే ఏళ్ళ తరబడి డోగోన్ల మధ్య ఉండి వచ్చినవాడు, తన లెక్క బయటపెట్టాడు. గ్రియోల్ చెప్పిన లుబ్ధకుడి జంట గురించి అతనికి తెలిసిన డోగోన్లలో ఎవరికీ తెలియదు. గ్రియోల్‌తో మాట్లాడినవాళ్ళలోనే ఏ చుక్క ఏదన్న దాని మీద పొత్తు కుదరలేదు. అప్పటి నుంచి పండితుల లోకంలో ఆ కథ బలం తగ్గింది, బజారులో మాత్రం తగ్గలేదు. నన్నడిగితే, డోగోన్లకు జరిగిన అన్యాయం ఇంకొకటి ఉంది. వాళ్ళకు సిగుయి అనే ఉత్సవం ఉంది. అరవై ఏళ్ళకొకసారి మొదలై, ఊరి నుంచి ఊరికి నడుస్తూ ఏళ్ళ పాటు సాగుతుంది. కిందటిసారి 1967 నుంచి 1973 దాకా జరిగితే, సినిమా తీసే జాఁ రూష్, డీటెర్లెన్‌తో కలిసి ఏటేటా పోయి చిత్రీకరించాడు. అరవై ఏళ్ళ వాయిదాను ఏ కాగితమూ లేకుండా తరతరాలుగా నిలబెట్టుకోవడం గొప్ప సంగతి. దాని గురించి అడిగేవాళ్ళు తక్కువ, ఏలియన్ల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ.

రెండో అడ్డంకి రాళ్ళు. బయటి మనిషికి ఖగోళ విద్య అంటే స్టోన్‌హెంజ్ లాంటి నిలువు రాళ్ళు కావాలి. కెన్యా వాయవ్యాన తుర్కానా సరస్సు దగ్గర నమొరతుంగ అనే చోట 19 బసాల్టు స్తంభాలు ఒరిగి నిలబడి ఉన్నాయి. 1978లో లించ్, రాబిన్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఈ రాళ్ళు క్రీ.పూ. 300 నాటివనీ, బోరానా అనే జాతి నేటికీ వాడే పంచాంగంలోని ఏడు చుక్కలు ఉదయించే దిక్కులకు ఇవి గురిపెట్టి ఉన్నాయనీ వాళ్ళ వాదన. సహారాకు దక్షిణాన మొదటి ఖగోళ కట్టడం దొరికిందని సంబరం మొదలైంది. నాలుగేళ్ళకు రాబర్ట్ సోపర్ అనే పురావస్తు పండితుడు వెళ్ళి కొలతలు మళ్ళీ చూసి అనుమానాలు లేవనెత్తాడు. బసాల్టులో అయస్కాంత గుణం ఉంటుంది, దిక్సూచి ముల్లును లాగేస్తుంది. దిక్కులు కొలిచే పనిముట్టునే రాయి ఏమార్చిందన్నమాట. పైగా, పది పదిహేను స్తంభాలు ఎటుపడితే అటు ఉన్నా, కావలసిన ఏడు చుక్కలకు సరిపోయే జతలు వెతికితే దొరక్కుండా పోవు. ఆ తర్వాత తుర్కానా సరస్సు చుట్టూ ఇలాంటి స్తంభాల చోట్లు తవ్వి చూస్తే, అవి దాదాపు 5,000 ఏళ్ళ కిందటి పశుపాలకులు తమ వాళ్ళను పాతిపెట్టుకున్న నేలలని తేలింది. లోథగామ్ నార్త్ అన్న ఒక్క చోటే కనీసం 580 మంది ఉన్నారని 2018లో ప్రకటించారు.

ఈ గొడవలో అసలు మనుషులు వెనక్కి పోయారు. రాళ్ళకు సాక్ష్యంగా బోరానాల్ని తెచ్చారు గానీ, బోరానాల లెక్కేమిటో చూద్దామని చాలామంది ఆగలేదు. మనం ఆగుదాం.

బోరానాలు ఓరోమో జాతిలో ఒక పెద్ద శాఖ. ఇథియోపియా దక్షిణాన యాబెల్లో చుట్టుపక్కల నుంచి కెన్యా ఉత్తర భాగం దాకా పశువులు మేపుకుంటూ ఉంటారు. వాళ్ళ సంఘానికి వెన్నెముక గడా అనే వ్యవస్థ. ఎనిమిదేళ్ళకొకసారి అధికారం ఒక జట్టు చేతి నుంచి మరో జట్టు చేతికి మారుతుంది, జట్టు పెద్దను అబ్బా గడా అంటారు. ఏ సంఘటన ఎప్పుడు జరిగిందని అడిగితే ఫలానా అబ్బా గడా కాలంలో అని చెబుతారు. ఆ పేర్ల వరస కంఠస్థంగా శతాబ్దాల వెనక్కి పోతుంది. ఓరోమోల ఈ గడా వ్యవస్థను 2016లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. గడాలో ఏ తంతు ఏ నెలలో, ఏ రోజున చేయాలో కట్టుబాటు ఉంది కనుక, నెల తప్పితే సంఘమే తప్పుతుంది. ఆ లెక్క చూసేవాళ్ళను అయ్యాంతులంటారు. వాళ్ళు గుళ్ళో కూర్చునే పూజారులు కారు. మందల వెంట తిరుగుతూ, జ్ఞాపకం మీదా చూపు మీదా బతికే నిపుణులు.

ఈ సంగతిని లోకానికి మొదట వివరంగా చెప్పింది ఆస్మరోమ్ లెగెస్సె. ఎరిత్రియాలో పుట్టి అమెరికాలో చదువుకున్న ఈ మానవశాస్త్రవేత్త 1973లో గడా మీద ఒక పుస్తకం వేశాడు. అందులో చెప్పిన పంచాంగం తెలుగు పాఠకుడికి కొత్తగానూ ఉంటుంది, ఎక్కడో చూసినట్టూ ఉంటుంది. నెలలు పన్నెండు. ఒక్కో నెలకు 29 లేదా 30 రోజులు, ఏడాదికి 354. వారం లేదు. రోజులకు పేర్లున్నాయి, అవి 27. ఒక్కో రోజుకు ఒక్కో అయ్యానా, అంటే ఆ రోజు స్వభావం, దాని మంచిచెడ్డలు. 27 పేర్లు అయిపోగానే మళ్ళీ మొదటి పేరు వస్తుంది. నెలకు 29 లేదా 30 రోజులు కనుక ప్రతి నెలా రెండు మూడు పేర్లు ముందుకు జరిగి మొదలవుతుంది.

27 అనగానే మనకు అశ్విని నుంచి రేవతి దాకా నోటికి వచ్చేస్తుంది. ఇండియా నుంచి అక్కడికి పోయిందా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందా అని ఊహాగానాలు చేయాలనిపిస్తుంది. ఆ దారి పట్టనక్కర్లేదు. చంద్రుడు ఒక చుక్క దగ్గర బయలుదేరి మళ్ళీ అదే చుక్క దగ్గరకు రావడానికి ఇరవై ఏడు రోజుల పైన కొన్ని గంటలు పడుతుంది. ఆకాశం కింద ఓపికగా నిలబడిన ఏ జనానికైనా ఆ అంకె తగులుతుంది.

వాళ్ళు చూసే చుక్కలు ఏడు. మొదటిది లామి, మన అశ్వినికి దగ్గర్లో ఉత్తరంగా ఉండే చిన్న త్రికోణం. తర్వాత బుసాన్, మన కృత్తిక, పల్లెల్లో పిల్లలకోడి అనేది. తర్వాత బక్కల్చా, మన రోహిణి. ఆ తర్వాత మృగవ్యాధుడి బొమ్మలోని మూడు చోట్లు: భుజం దగ్గరి అల్గాజిమా, నడుము దగ్గరి ఆర్బ్ గడ్డు, కాలి దగ్గరి ఉర్జి వల్లా. చివరగా బాసా, అంటే లుబ్ధకుడు. లెగెస్సె రాసిన ప్రకారం ఏడాది మొదటి ఆరు నెలల్లో నెలవంక వరసగా ఈ చుక్కల జతన చేరుతుంది. తర్వాతి ఆరు నెలలు లామి ఒక్కటే గుర్తు, మారేది చంద్రుడి ఆకారం. ఏడో నెలలో లామి దగ్గరికి పున్నమి చంద్రుడు వస్తాడు. ఎనిమిదో నెలలో కాస్త తరిగిన చంద్రుడు, తొమ్మిదో నెలలో సగం చంద్రుడు, ఆపైన నెలనెలా సన్నబడే నెలవంక.

ఈ రెండో ఆరు నెలల కిటుకు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కార్తీక పున్నమి నాడు చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడని మనకు తెలుసు, ఆ నెలకు ఆ పేరు అందుకే. మరి అక్కడి నుంచి చంద్రుడు ఒక చుట్టు తిరిగి మళ్ళీ కృత్తిక దగ్గరకు వచ్చినప్పుడు ఎలా ఉంటాడు? పున్నమి నుంచి పున్నమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు, కృత్తిక నుంచి కృత్తికకు ఇరవై ఏడూ చిల్లర. అంటే పున్నమికి ఇంకా రెండు రోజులు ఉండగానే కృత్తిక దగ్గరకు చేరిపోతాడు, కొంచెం చిన్నగా కనిపిస్తాడు. మరుసటి చుట్టులో ఇంకో రెండు రోజులు చిన్న. ఇలా ఒకే చుక్క దగ్గర చంద్రుడి ఆకారాన్ని చూస్తూ పోతే ఏడాదిలో ఎక్కడున్నామో చెప్పేయవచ్చు. బోరానాలు పట్టుకున్నది ఈ తేడానే. ఏడో నెల పేరు బిర్రా. అది లామి దగ్గర పున్నమి వచ్చే నెల. లామి పక్కనే అశ్విని ఉంది, ఆశ్వయుజ పున్నమి చంద్రుడు ఉండేదీ అక్కడే. ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకోకుండా ఇద్దరూ ఒకే లెక్కకు వచ్చారు.

మొదటి ఆరు నెలల సంగతి ఇంత సాఫీగా లేదు. పండితుల మధ్య పేచీ వచ్చింది ఇక్కడే. నెలవంక నెలకు దాదాపు ఒక రాశి చొప్పున జరుగుతుంది. లామి నుంచి లుబ్ధకుడి దాకా ఉన్న మొత్తం దూరం రెండు రాశుల పైచిలుకు. ఆరు నెలల నెలవంకలు ఆ చోట్లో పట్టవు. మరి నెలవంక ఒక్కో నెల ఒక్కో చుక్క పక్కన ఎలా చేరుతుంది? 1986లో లారెన్స్ డోయల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక పరిష్కారం చెప్పాడు. చంద్రుడు చుక్క పక్కన ఉండడం కాదు, ఆ చుక్క ఉదయించే దిక్కునే చంద్రుడూ ఉదయించాలి. అది కూడా ఈనాటి ఆకాశంలో కుదరదు, క్రీ.పూ. 300 నాటి ఆకాశంలో కుదురుతుంది. ఆ సంవత్సరం ఎక్కడిదో మీకు గుర్తొచ్చే ఉంటుంది, నమొరతుంగ రాళ్ళది. మరుసటి ఏడు క్లైవ్ రగుల్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు దీన్ని పట్టుకుని అడిగాడు. నెలవంక ఉదయించడాన్ని ఎవరు చూశారు? నెలవంక పొద్దున ఎండలో ఉదయిస్తుంది, మనకు కనిపించేది సాయంత్రం పడమట దిగేటప్పుడు. అదీగాక చంద్రుడి దారి పద్దెనిమిదిన్నర ఏళ్ళకొక చుట్టుగా ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది కనుక, ఉదయించే చోటును నమ్ముకుంటే ఏటా ఒకే ఫలితం రాదు.

1988లో మార్కో బస్సి అనే ఇటాలియన్ మానవశాస్త్రవేత్త బోరానా నేల మీద పనిచేసి, అక్కడి లెక్కల వాళ్ళతో మాట్లాడి వచ్చి ప్రాథమిక నివేదిక అచ్చువేశాడు. ఈ పేచీ మొత్తంలో నాకు నచ్చిన పని అది. కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వేల ఏళ్ళ కిందటి ఆకాశాన్ని తిప్పి చూసేకంటే, చంద్రుణ్ణి రోజూ చూసే మనిషిని అడగడం ముందు చేయాల్సిన పని. అది వెనకబడింది.

బోరానాల లెక్కకు నిపుణులున్నారు. నిపుణుడే లేని లెక్క కూడా ఉంటుందా? ఉంటుంది. దాని కోసం పడమటికి, ఓమో నది లోయకు పోవాలి.

ముర్సీలు ఓమో, మాగో నదుల మధ్య ఉండే చిన్న జాతి, మొత్తం జనం పదివేలు కూడా ఉండరు. ఆడవాళ్ళు కింది పెదవికి పెట్టుకునే మట్టి బిళ్ళల ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి, మిగతా సంగతులు తిరగలేదు. పశువులున్నాయి, జొన్నలున్నాయి. ఒక పంట వానకు, ఇంకో పంట వరదకు. ఎగువన ఇథియోపియా కొండల్లో వానలు పడితే ఓమో పొంగుతుంది, ఆగస్టు, సెప్టెంబర్లలో ఒడ్లు ముంచుతుంది. నీళ్ళు తీశాక మిగిలిన ఒండ్రులో జొన్న వేస్తారు. అక్కడి వాన నమ్మదగ్గది కాదు, వరదే కొంత నయం. అందుకని ఏరు ఎప్పుడు పొంగుతుంది, ఎప్పుడు తీస్తుంది అన్నది తిండికి సంబంధించిన ప్రశ్న.

డేవిడ్ టర్టన్ అనే మానవశాస్త్రవేత్త 1960ల చివరి నుంచి ముర్సీల మధ్య పనిచేశాడు. అతనూ, పైన చెప్పిన రగుల్సూ కలిసి 1978లో కరెంట్ ఆంత్రపాలజీ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒప్పుకోకపోవడానికి ఒప్పుకున్నాం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ముర్సీలకు బెర్గు అనే లెక్క ఉంది, చంద్రుడి నెలల్ని ఒకటి, రెండు, మూడు అని అంకెలతో లెక్కపెట్టడం. ఒక్కో బెర్గుకు ఒక్కో పని: ఇది విత్తే నెల, ఇది కోసే నెల, ఇది ఏటి ఒడ్డుకు దిగే నెల. ఇంతవరకూ ఎక్కడైనా ఉండేదే. విచిత్రమేమిటంటే, ఇప్పుడు నడుస్తున్నది ఎన్నో బెర్గు అని అడిగితే ఇద్దరు ఒకటే చెప్పరు. ఒకాయన ఐదు అంటాడు, పక్కాయన ఆరు అంటాడు. వాదించుకుంటారు. సరైన లెక్క తెలిసినవాళ్ళు మనలో ఎక్కడో ఉన్నారన్న నమ్మకం మాత్రం అందరికీ ఉంది. ఎవరికీ తెలియదని ఎవరూ అనరు.

పన్నెండు చంద్రమాసాలు కలిపితే సూర్యుడి ఏడాదికి దాదాపు పదకొండు రోజులు తక్కువ. మూడేళ్ళలో ఒక నెల తేడా వస్తుంది. దాన్ని సరిదిద్దకపోతే విత్తే నెల ఎండల్లోకి జారిపోతుంది. మనం అధికమాసం వేసి సరిచేసుకుంటాం, దానికి గణితముంది, సిద్ధాంతులున్నారు. ముర్సీలకు అధికమాసమన్న ఊహే లేదు. అయినా వాళ్ళ లెక్క ఏళ్ళ తరబడి ఋతువులతో పాటే నడుస్తోంది. ఎలాగంటే, ఏటా ఏదో ఒక గుర్తు కనబడుతుంది. ఏరు పొంగుతుంది, వాన దిగుతుంది, ఒక చెట్టు పూస్తుంది. అప్పుడు ఐదు అన్నవాళ్ళు గెలుస్తారు, ఆరు అన్నవాళ్ళు మేం లెక్క తప్పామనుకుంటారు. తప్పినవాడు తన అంకెను వెనక్కి జరుపుకుంటాడు. అంటే ఒక నెలను రెండుసార్లు లెక్కపెట్టినట్టే, అధికమాసం పడిపోయినట్టే. పంచాంగాన్ని సవరించామని ఎవరికీ తెలియదు. మనలో ఎవరో పొరబడ్డారు, ఇప్పుడు తెలిసిందనే అనుకుంటారు.

మన దగ్గర దృగ్గణితం వాళ్ళకూ పూర్వ పద్ధతి వాళ్ళకూ తిథి దగ్గర తేడా వచ్చి, పండగ ఇవాళా రేపా అని టీవీల్లో సిద్ధాంతులు కూర్చుంటే చిరాకు పడతాం. ముర్సీ వాడికి ఆ చిరాకు ఉండదు, అతని పంచాంగం నడిచేదే ఆ వాదన మీద. పంచాంగకర్త ఎవరూ లేరు కాబట్టి, పంచాంగం తప్పిందని నిందించడానికీ ఎవరూ లేరు.

వాదనకు దిగే సాక్షుల్లో చుక్కలు కూడా ఉన్నాయి. దక్షిణాన శిలువ ఆకారంలో ఉండే త్రిశంకు, దాని పక్కన మెరిసే సెంటారస్ చుక్కలు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి సాయంకాలపు ఆకాశం నుంచి తప్పుకోవడాన్ని ముర్సీలు గమనిస్తారు. వాటిలో ఇమై అనే చుక్క ఒకటి, త్రిశంకు శిలువకు పడమటి చేతిది. ఓమో ఒడ్డున అదే పేరుతో ఒక గడ్డి పెరుగుతుంది. పొద్దుగూకే వేళ ఇమై చుక్క ఇక కనిపించకుండా పోయిన రోజుల్లో, ఏరు ఇమై గడ్డిని వంచి నేలకు పరిచేటంత ఎత్తుకు వస్తుందని వాళ్ళ మాట. ఒక పేరు కింద చుక్క, గడ్డి, ఏటి మట్టం మూడూ కట్టి పడేశారు. లెక్కకు సరిపోతుందా అని చూశాను. ఆ అక్షాంశంలో త్రిశంకు పడమటి చేయి సందె వెలుగులో కలిసిపోయేది ఆగస్టు చివరి రోజుల్లో. ఓమో నిండుగా ఉండేదీ అప్పుడే.

కొందరు సూర్యుణ్ణి కూడా చూస్తారు. కొండల అంచు మీద సూర్యుడు ఏ గుట్ట వెనక నుంచి లేస్తున్నాడు, దక్షిణానికి ఎంత దూరం పోయి తిరుగుముఖం పట్టాడు అన్నది. ఆ సాక్ష్యానికి కూడా చివరి మాట హక్కు లేదు, వాదనలో ఒక మాట మాత్రమే. రగుల్స్ ఆ తర్వాత బ్రిటన్‌లోని నిలువు రాళ్ళ మీద పెద్ద పుస్తకం రాసి, లెస్టర్ విశ్వవిద్యాలయంలో పురా ఖగోళ శాస్త్రానికి ప్రొఫెసర్ అయ్యాడు. పూర్వకాలపు రైతుకు ఋతువు తెలియాలంటే రాళ్ళ వేధశాల, కాపలాకు పూజారులు ఉండే తీరాలని వాదించేవాళ్ళ ముందు అతను ముర్సీల ఉదాహరణ పెట్టాడు. ఈ కథలో నాకు మహా ముచ్చటగా అనిపించేది ఇదే. ఆఫ్రికాలో స్టోన్‌హెంజ్ కోసం వెతికారు, చివరికి స్టోన్‌హెంజ్‌ను అర్థం చేసుకోవడానికి ఆఫ్రికా పనికొచ్చింది.

ఈ రెండు జాతులతోనే ఖండమంతా అయిపోయిందనుకోకూడదు. దక్షిణాఫ్రికాలో ఖోసా మగవాళ్ళు తమ వయసును పుట్టిన రోజు నుంచి కాకుండా, మగవాడిగా దీక్ష తీసుకున్న నాటి నుంచి లెక్కపెట్టే ఆచారముంది. ఆ లెక్క ఇసిలిమేలాల్లో ఉంటుంది, ఇసిలిమేలా అంటే కృత్తిక. జూన్‌లో తెల్లవారుజామున కృత్తిక మళ్ళీ కనబడితే దుక్కి కాలం దగ్గర పడినట్టు, దీక్ష తీసుకున్నవాడికి ఒక ఏడు పెరిగినట్టు. పడమట టోగో, బెనిన్ దేశాల ఉత్తర భాగాన ఉండే బతమ్మాలిబాల దగ్గర గ్రహణమంటే సూర్యుడూ చంద్రుడూ తగాదా పడడం. వాళ్ళ తగాదా తీరాలంటే కింద మనుషులు తమ పాత పగలు వదులుకోవాలి. గ్రహణం నాడు ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. 2006 మార్చి 29న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా ఆ రెండు దేశాల మీదుగానే పోయింది.

మళ్ళీ ఓమోకు వద్దాం, ఎందుకంటే అక్కడి కథ ఈమధ్యే మలుపు తిరిగింది. నది ఎగువన ఇథియోపియా ప్రభుత్వం గిబె 3 అనే ఆనకట్ట కట్టింది. ఎత్తు 243 మీటర్లు, కరెంటు సామర్థ్యం 1,870 మెగావాట్లు. 2015లో జలాశయం నింపడం మొదలుపెట్టారు, 2016 డిసెంబర్‌లో ప్రారంభోత్సవం చేశారు. దేశానికి కరెంటు కావాలి, కాదనడానికి మనమెవరం? కానీ ఆనకట్ట వరదను పట్టి ఉంచి ఏడాది పొడవునా సమంగా వదులుతుంది. కింద ఒడ్డున ఉన్నవాడికి కావలసింది సమంగా వచ్చే నీరు కాదు, ఏటికొకసారి ఒడ్డు ముంచి వెనక్కి పోయే నీరు. కృత్రిమంగా వరద వదులుతామన్న మాట ముందే ఇచ్చారు. అయినా పాత వరద పాత తీరున తిరిగి రాలేదు. ఒండ్రు చేలు ఎండాయి, దిగువన ప్రభుత్వ చెరకు తోటలు వెలిశాయి.

దీన్ని తిండి నష్టంగా, నేల నష్టంగా చాలామంది రాశారు, రాయాల్సిందే. లెక్క వైపు నుంచి రాసినవాళ్ళు అరుదు. బెర్గుల వాదనలో ఐదు అన్నవాడు గెలిచాడా, ఆరు అన్నవాడు గెలిచాడా అని తేల్చే సాక్షుల్లో ఓమో పెద్ద సాక్షి. ఇప్పుడు ఇమై చుక్క ఆగస్టు చివర ఎప్పటిలాగే సందె వెలుగులో కలిసిపోతుంది, ఏరు మాత్రం ఎగువ ఇంజనీర్లు గేటు ఎత్తిన మేరకే పెరుగుతుంది. చుక్కనూ గడ్డినీ ఏటినీ ఒక పేరుతో కట్టిన ముడిలో ఒక పోగు తెగింది. వానలు, చెట్ల పూత, కొండ అంచున సూర్యుడు ఇంకా మిగిలే ఉన్నాయి కనుక లెక్క ఆగిపోయిందని నేననను. సాక్షులు తగ్గితే వాదన తేలడానికి ఆలస్యమవుతుందని మాత్రం ఊహించవచ్చు.

వచ్చే భాగంలో ఖండం దక్షిణపు కొసకు పోదాం. 1870లలో కేప్ టౌన్ జైలు నుంచి బయటికి తెచ్చిన కొందరు శాన్ ఖైదీలు, విల్‌హెల్మ్ బ్లీక్, లూసీ లాయిడ్ అనే ఇద్దరు ఐరోపావాళ్ళ ఇంట్లో ఉండి, చుక్కల కథలు చెబుతూ పన్నెండు వేల పేజీల పైన నోటు పుస్తకాలు నింపించారు. ఆ ఖైదీల సొంత నేల కారూ ఎడారి. మీర్‌కాట్ రేడియో టెలిస్కోపు 64 డిష్‌లు ఇవాళ ఆకాశం వైపు తెరుచుకుని ఉన్నది ఆ కారూలోనే.